మళ్లీ మళ్లీ వాడుకునే సిలికాన్ వాక్యూమ్ బ్యాగ్ కిట్: ఆదా ఎక్కడ, అదనపు ఖర్చు ఎక్కడ?

ఆటోక్లేవ్ (వేడి, ఒత్తిడితో భాగాలను గట్టిపరిచే పెద్ద పాత్ర) కొనలేని వర్క్‌షాపులకు రెజిన్ ఇన్‌ఫ్యూజన్ (అచ్చులో పరిచిన ఫైబర్‌ను గాలి చొరని ఫిల్మ్‌తో కప్పి, పంపుతో గాలి లాగేసి, ద్రవ రెజిన్‌ను అందులోకి పారించే పద్ధతి) మంచి మార్గమే అయినా, ప్రతి భాగానికీ కొత్తగా బ్యాగింగ్ ఫిల్మ్, సీలెంట్ టేపు, ఫ్లో మెష్ (రెజిన్ త్వరగా పారేందుకు వేసే వల), పీల్ ప్లై (గట్టిపడ్డాక ఒలిచేస్తే అతికించడానికి శుభ్రమైన ఉపరితలాన్ని మిగిల్చే బట్ట), గొట్టాలు వాడి, రెజిన్ గట్టిపడగానే అన్నింటినీ పారవేయవలసి రావడం దీనికున్న పెద్ద భారం. ఈ భారాన్ని తగ్గించే ఉద్దేశంతో వచ్చిన, అచ్చు మీద బ్రష్‌తో పూసి తయారుచేసుకునే సిలికాన్ బ్యాగ్ కిట్‌ను గ్లాస్ ఫైబర్, ఎపాక్సీ రెజిన్‌లతో వాడి చూశాను.

ప్రకటనలో ఫిల్మ్ ఖర్చు గురించే చెప్పారు గానీ, నిజంగా మిగిలేది శ్రమ. మామూలు ఫిల్మ్‌కు మూలల్లో మడతలు పెట్టి, చుట్టూ టేపు నొక్కి, గాలి ఎక్కడ చొరబడుతోందో వెతకడానికి పట్టే సమయం రెజిన్ పారడానికి పట్టే సమయం కంటే చాలాసార్లు ఎక్కువే. సిలికాన్ పొర భాగం ఆకారానికి ముందే ఒదిగి ఉంటుంది కనుక లోపలి మూలల్లో ఫిల్మ్ బిగుసుకుపోయి అక్కడ రెజిన్ పేరుకునే సమస్య కూడా దాదాపు పోయింది. అయినా పంపు గొట్టాన్ని క్లాంపుతో మూసేసి, గేజి ముల్లు కదలకుండా ఉందో లేదో చూసే పరీక్షను మాత్రం మానకూడదు.

రెజిన్ కాలువలను బ్యాగులోనే మలచుకోవడం ఈ కిట్‌లోని అసలు సౌకర్యం, అసలు చిక్కు కూడా అదే. మిగతావన్నీ మారకుండా రెజిన్ పారవలసిన దూరం రెట్టింపైతే సమయం సుమారు నాలుగు రెట్లవుతుంది. కాబట్టి కాలువ స్థానం తప్పితే ఫైబర్ పూర్తిగా తడవకముందే రెజిన్ చిక్కబడుతుంది, ఖరీదైన బ్యాగు మొత్తం పనికిరాకుండా పోతుంది. మొదట మామూలు ఫిల్మ్, మెష్‌లతో ప్రవాహాన్ని గమనించి, ఆ తర్వాతే కాలువలను ఖాయం చేసుకోవాలి. ఇంత ముఖ్యమైన విషయానికి సూచనల పుస్తకంలో ఒక్క వాక్యమే కేటాయించడం నాకు నచ్చలేదు.

పాలిఎస్టర్, వినైల్ ఎస్టర్ రెజిన్లలోని స్టైరీన్ సిలికాన్‌ను క్రమంగా దెబ్బతీస్తుంది కనుక, వాటితో పనిచేసేవారు బ్యాగు ఆయుష్షును తగ్గించి లెక్కవేసుకోవాలి. సిలికాన్ అవశేషం ఉన్నచోట రంగు గానీ జిగురు గానీ సరిగా పట్టదు; తర్వాత అతికించవలసిన భాగాలకు పీల్ ప్లై ఖర్చు తప్పదు.

ఒకే అచ్చుతో ఒకే భాగాన్ని పదేపదే తీసేవారికి ఈ కిట్ కొనదగినదే. ఒకటి రెండు నమూనాలు తీసి అచ్చు మార్చేసేవారికి పాత ఫిల్మ్, టేపులే చౌక.