రూమ్ రెంట్ లిమిటా, కో-పేనా: అమ్మానాన్నలకు ఏది మేలు?

ఈ మధ్య అమ్మానాన్నలకు హెల్త్ పాలసీ తీసుకున్నానని రాసినప్పటి నుంచి ఒకటే ప్రశ్న. "రూమ్ రెంట్ లిమిట్ ఉన్న పాలసీ మేలా, 20 శాతం కో-పే (బిల్లులో ఆ వాటా మనమే కట్టుకోవడం) ఉన్నది మేలా? ప్రీమియంలో పెద్ద తేడా లేదు." రెండూ లేని పాలసీ ఇస్తే, ప్రీమియం కట్టే స్తోమత ఉంటే కళ్లు మూసుకుని అదే తీసుకోండి. అరవై దాటినవాళ్లకు అది భారం కాబట్టే ఈ తంటా.

రోజుకు 5,000 లిమిట్ ఉండి 8,000 రూములో చేరితే, పైన 3,000 మనం కట్టుకుంటే సరిపోతుందని నేనూ అనుకునేవాణ్ణి, మా మామయ్య అపెండిక్స్ ఆపరేషన్ దాకా. ఆయనది 5 లక్షల కవర్ ఉన్న పాలసీ, రూముకు రోజుకు అందులో ఒక శాతం, అంటే 5,000 లిమిట్. అర్ధరాత్రి వెళ్తే షేరింగ్ రూములు ఖాళీ లేవన్నారు. ఆ నొప్పిలో రూమ్ రేటు ఎవరు చూస్తారు? 8,000 రూములో నాలుగు రోజులు ఉన్నాం.

బిల్లు 2,12,000. రూముకు 32,000, సర్జన్, మత్తు డాక్టరు, థియేటర్, నర్సింగ్ కలిపి 1,20,000, మందులు, పరీక్షలకు 60,000. రూములో 12,000 కోశారు, సరే. సర్జన్, థియేటర్ వగైరా 1,20,000లోనూ 8,000కు 5,000 చొప్పున, అంటే ఎనిమిదింట ఐదు వంతులే ఇచ్చారు. అక్కడ పోయింది 45,000. రూమ్ ఖరీదైనదైతే అదే ఆపరేషన్‌కి ఫీజులూ పెరుగుతాయన్నది కంపెనీల వాదన. 2020లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ కొంత కట్టడి చేసింది: మందులు, ఇంప్లాంట్లు, పరీక్షల మీద ఈ కోత ఉండకూడదు, ఐసీయూ ఛార్జీల మీదా ఉండకూడదు. రూమును బట్టి ఫీజులు మార్చని ఆసుపత్రిలో అసలు వేయకూడదు. చేరేటప్పుడే ఆ సంగతి బిల్లింగ్ కౌంటర్లో అడగండి.

అదే బిల్లుకు 20 శాతం కో-పే అయితే 42,400. మామయ్య కట్టింది 57,000.

కో-పే మంచిదని కాదు. కవర్ సరిపోయేంత ఉన్నా, బిల్లు 8 లక్షలైతే మన వాటా 1,60,000, తప్పించుకునే దారి లేదు. లిమిట్ లోపు రూమ్ దొరికితే మాత్రం రూమ్ రెంట్ లిమిట్ పాలసీలో ఈ కోతే ఉండదు. మీరు వెళ్లే ఆసుపత్రిలో సింగిల్ రూమే లిమిట్ లోపు ఉంటే నా మాట వినకండి, అదే తీసుకోండి. కానీ ఎమర్జెన్సీలో రూమ్ ఎంచుకునేది మనం కాదు, ఆ రాత్రి ఏది ఖాళీగా ఉంటే అది. నేను కో-పే తీసుకున్నాను. ఐదింట ఒక వంతు నాదని ముందే తెలుసు, ఆ మేరకు ఒక ఎఫ్‌డీ వేసి పెట్టాను.

గ్లౌజుల్లాంటి చిల్లర కోతలు రెండింట్లోనూ ఉంటాయి.

"కవర్ 10 లక్షలకు పెంచితే ఒక శాతం 10,000 అవుతుంది కదా?" అని ఒకరు అడిగారు. శాతం పక్కన "గరిష్ఠంగా" అన్న మాట ఉందేమో చూడండి. కంపెనీలన్నీ ఒకే నిబంధనలతో అమ్మే ఆరోగ్య సంజీవని పాలసీలో లిమిట్ 2 శాతం, కానీ కవర్ ఎంతున్నా రోజుకు 5,000 దాటదు. దాంట్లో 5 శాతం కో-పే కూడా ఉంది.