చిన్న మెట్రోనోమ్: విజయనగరంలో లయ నేర్చుకునేవాళ్లు కొనొచ్చా?

పెట్టిన వేగంలో టిక్కుటిక్కుమంటూ లయ చూపే, అరచేతిలో ఇమిడే డిజిటల్ పెట్టె. వేగం నిమిషానికి 30 నుంచి 250 దెబ్బలు, ఆవర్తానికి (తాళంలో ఒక చుట్టుకి) 9 దాకా, ఒక్కో దెబ్బని రెండుగా, మూడుగా, నాలుగుగా చీల్చే మీట. మృదంగం, వయొలిన్, హరికథ నేర్చుకునే పిల్లలకి కొనొచ్చు. కానీ ఆ చీల్చే మీట ఉన్నదే కొనండి. అది లేనిది సగం ధరకి వచ్చినా వద్దు.

ఎందుకంటే దెబ్బకీ దెబ్బకీ మధ్య ఎడం సుమారు రెండు సెకన్లకి చేరితే తర్వాతిది ఎప్పుడు పడుతుందో మెదడు ముందే పట్టుకోలేదు. శబ్దం విన్నాకే చెయ్యి లేస్తుంది, ఆలస్యమవుతుంది. 30 వేగంలో ఎడం సరిగ్గా 2 సెకన్లు. విళంబంలో, అంటే నెమ్మది వేగంలో, పిల్లలు జారేది అక్కడే. నాలుగుగా చీలిస్తే అర సెకనుకో టిక్కు వినిపించి చెయ్యి కుదుటపడుతుంది. కుదిరాక మధ్య టిక్కులు ఆపి, నోటితో తకధిమి అనుకుంటూ వెయ్యాలి.

మధ్యమ వేగంలో తప్పు వేరు. శబ్దంతో పాటే కొడుతున్నామనుకుంటాం గానీ, చాలామంది చెయ్యి సెకనులో కొన్ని వందో వంతులు ముందే పడుతుంది. పాదం ఇంకా ముందు. హరికథలో చేతి చిరతలూ కాలి గజ్జే ఒకేసారి అనుకున్న చోట గజ్జె ముందు మోగేది ఇందుకే. ఫోన్లో రికార్డు చేసి వినండి: టిక్కు మన దెబ్బ కింద దాక్కుని వినబడకపోతే సరిగ్గా పడినట్టు. పెట్టె మీద ఎర్ర లైటు చూస్తూ వెయ్యొద్దు. లయ పట్టడంలో కంటి కంటే చెవి నయం.

అసలు కష్టం రెండు చేతులది. చూపుడు వేళ్లు రెండింటినీ బల్ల మీద పెట్టి కారు వైపర్లలా ఒకే వైపుకి ఊపండి, వేగం పెంచండి. ఓ చోట మనకి తెలియకుండానే రెండూ ఎదురెదురుగా, అద్దంలో బొమ్మలా ఊగుతాయి. అందుకే ఒకే వ్యవధిలో కుడికి మూడు దెబ్బలు, ఎడమకి రెండు వెయ్యాలంటే విడివిడిగా లెక్కపెడితే కుదరదు, రెండూ కలిపి ఒకే నడకగా పట్టాలి. వేగం 60, మూడుగా చీల్చండి, తకిట తకిట అనండి. మొదటి 'త' రెండు చేతులూ, 'ట' కుడి, రెండో 'త' ఎడమ, 'కి' కుడి. మిగిలిన రెండూ ఖాళీ. వరసగా వచ్చే ట-త-కి దగ్గర ఎడమ చెయ్యి కుడికి అతుక్కుపోతుంది. అప్పుడు వేగం 40కి దించాలి, ఆపకూడదు.

సాధన ఎంత దూరం తీసుకెళ్తుందో ఈ ఊరికి కొత్త కాదు. చేతులు, కాళ్లు, తల కలిపి ఐదు తాళాలు ఒక్కసారే నడిపి పంచముఖి పరమేశ్వరుడనిపించుకున్న హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు, 1919లో మొదలైన ఇక్కడి సంగీత కళాశాలకి తొలి ప్రిన్సిపాల్.

పెట్టెలో పెద్ద లోటు, ఖండ, మిశ్ర నడలు (దెబ్బని ఐదుగా, ఏడుగా చీల్చేవి) లేకపోవడం. ఉపాయం ఉంది: ఖండానికి ఆవర్తం 5 పెట్టి వేగాన్ని ఐదింతలు చెయ్యండి, 40 కావాలంటే 200. మిశ్రానికి ఆవర్తం 7, వేగం ఏడింతలు, 30 కావాలంటే 210. మృదంగం మోతలో స్పీకరు వినబడదు. వైరు ఇయర్‌ఫోను ఒక చెవికే పెట్టుకుని, రెండో చెవి వాద్యానికి వదలండి.