షైనీహెల్పర్, సిసెరోన్: నాలుగేళ్లు వాడాక

ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలో, వెబ్ యాప్‌లు తయారుచేసే షైనీతో డాష్‌బోర్డులు (గ్రాఫులు, ఫిల్టర్లు ఒకచోట చూపే పేజీలు) కట్టడం నా రోజువారీ పని. హెల్ప్ అంటే మొదట్లో 30 పేజీల పీడీఎఫ్ ఒకటి రాసి మెయిల్‌కు తగిలించి పంపేవాణ్ణి. దాన్ని ఎవరూ తెరవరు, ఫోనే చేస్తారు. ఆ ఫోన్లు పడలేక నాలుగేళ్ల కిందట డాష్‌బోర్డులోనే హెల్ప్ చూపించే రెండు ప్యాకేజీలు (ఆర్‌కు తగిలించుకునే రెడీమేడ్ కోడ్) పట్టుకున్నాను. ఒకటి షైనీహెల్పర్, రెండోది సిసెరోన్. ఇప్పటికీ రెండూ వాడుతున్నాను, కానీ ఒకే మోతాదులో కాదు.

సిసెరోన్ చూడగానే ముద్దొస్తుంది. స్క్రీనంతా మసకబారి ఒక్క ఫిల్టర్ మాత్రం వెలుగుతుంది, పక్కన చిన్న పెట్టెలో వివరణ, బటన్ నొక్కితే ఇంకో చోటికి. ఇలా అడుగడుగునా తిప్పి చూపడాన్నే టూర్ అంటారు. డెమోలో చప్పట్లు కొట్టించుకోవడానికి దీన్ని మించింది లేదు. లోపల నడిచేది డ్రైవర్ జేఎస్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీ, దానిది ఎంఐటీ లైసెన్స్, అంటే వ్యాపారానికైనా ఉచితమే. అలాంటిదే ఇంకో లైబ్రరీ, ఇంట్రో జేఎస్ మీద నడిచే ప్యాకేజీ కూడా ఉంది గానీ, వ్యాపార వాడకానికి విడిగా లైసెన్స్ కొనుక్కోవాలి కాబట్టి అటు పోలేదు.

మొదటి తంటా డ్రాప్‌డౌన్ దగ్గరే వచ్చింది. దాని ఐడీ (కోడ్‌లో దాన్ని గుర్తుపట్టే పేరు) ఇస్తే టూర్ అక్కడికి వెళ్లి ఖాళీ చోటును వెలిగించింది. ఒక సాయంత్రమంతా ఐడీ స్పెల్లింగ్ సరిచూసుకుంటూ కూర్చున్నాను. తీరా చూస్తే, షైనీ డ్రాప్‌డౌన్ మామూలుగా సెలెక్టైజ్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీతో వస్తుంది. అది అసలు సెలెక్ట్ బాక్స్‌ను దాచేసి, దాని బదులు తను గీసిన పెట్టెను చూపిస్తుంది. నేనిచ్చిన ఐడీ ఆ దాగినదానిది! డ్రాప్‌డౌన్‌ను ఒక డివ్‌లో (పేజీలో ఒక ఖాళీ డబ్బా లాంటిది) చుట్టి, డివ్‌కు వేరే ఐడీ పెడితే సరిపోయింది. ఇంకో ట్యాబ్‌లో ఉన్న గ్రాఫ్‌కూ ఇలాంటి గొడవే, కాకపోతే ఏ ట్యాబ్ తెరవాలో చెప్పే వీలు సిసెరోన్‌లోనే ఉంది.

ఇంతా చేసి ఎవరెంతవరకు చూశారో నమోదయ్యే లాగ్ చూస్తే, మూడో అడుగు దాటినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పని మీద వచ్చినవాడికి ఊరు చూపిస్తానంటే ఎలా? ఇప్పుడు నా టూర్‌లు నాలుగు అడుగులే, అదీ అడిగితేనే.

షైనీహెల్పర్ అలా మెరవదు. గ్రాఫ్ మూలన చిన్న ప్రశ్న గుర్తు, నొక్కితే ఒక విండో, అంతే. నాకు నచ్చింది ఏమిటంటే, వివరణను కోడ్‌లో ఇరికించక్కర్లేదు. హెల్ప్‌ఫైల్స్ అనే ఫోల్డర్‌లో మార్క్‌డౌన్ ఫైళ్లుగా (మామూలు టెక్స్ట్‌లాగే రాసేవి) పెట్టుకోవచ్చు. ఆర్ ఒక్క ముక్క రానివాళ్లు కూడా తెరిచి దిద్దగలరు.

నా సహోద్యోగి ఒకావిడ అలాగే దిద్దారు. నెలవారీ గ్రాఫ్‌కు నేను రాసింది ఇది: "ఈ గ్రాఫ్ నెలవారీ సంఖ్యలను చూపిస్తుంది." ఆ మాట పైనున్న శీర్షికే చెబుతోంది. ఆవిడ దాన్ని కొట్టేసి ఇలా రాశారు: "చివరి నెల దగ్గర గీత ఎప్పుడూ కిందికి పడుతుంది. కంగారు పడకండి, ఆ నెల డేటా ఇంకా పూర్తిగా చేరలేదు. పోల్చాలంటే అంతకు ముందు నెల దాకానే చూడండి." గీత ఎందుకు పడిందన్న ప్రశ్నతో ఫోన్లు రావడం దాదాపు ఆగిపోయింది. నెలనెలా అదే ప్రశ్నకు నోటితో జవాబు చెబుతున్న నాకు, దాన్నే హెల్ప్‌లో రాయాలని తట్టలేదు చూడండి.

షైనీహెల్పర్‌లో నన్ను విసిగించేది ఆ విండోనే. అది వచ్చి గ్రాఫ్ మీదే కూర్చుంటుంది. "ఎడమవైపు చివర నీలం గీత చూడండి" అని రాస్తాం, చదివేవాడికి ఆ గీత కనబడదు. 2023లో బీఎస్‌లిబ్ అనే ఇంకో ఆర్ ప్యాకేజీకి పాప్‌ఓవర్ (నొక్కితే పక్కనే తెరుచుకునే చిన్న పెట్టె) వచ్చాక రెండు మూడు వాక్యాల వివరణలన్నీ అటు మార్చేశాను. దానికి పేజీల రూపం దిద్దే బూట్‌స్ట్రాప్ 5వ వెర్షన్ కావాలి. బూట్‌స్ట్రాప్ 3 మీద నడిచే నా పాత డాష్‌బోర్డుల్లో మాత్రం షైనీహెల్పరే దిక్కు. మౌస్ ఆనిస్తే వచ్చే టూల్‌టిప్‌లో ముఖ్యమైనదేదీ పెట్టను, ట్యాబ్లెట్‌లో ఆనించడానికి మౌస్ ఎక్కడుంది?

ఒక్కటి ఇంకా సర్దుకోలేదు. గ్రాఫ్ మారినా హెల్ప్ ఫైల్ దానంతట అది మారదు, ఎర్రర్ కూడా రాదు. పోయిన నెల ఒక ఫైల్ తెరిస్తే, ఎప్పుడో తీసేసిన ఫిల్టర్‌ను ఎలా వాడాలో వివరంగా, ఓపిగ్గా చెబుతోంది. రాసింది నేనే.