మా ఎస్‌టీపీ మెయింటెనెన్స్ వాళ్లకి మూడు స్టార్లు, ఆ మూడూ ఆపరేటర్‌వే

మధురవాడలో 96 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్ మాది. ఎస్‌టీపీ (మురుగునీటిని బ్యాక్టీరియాతో శుద్ధి చేసే ప్లాంటు) చూసే కంపెనీ పేరు రాయను గానీ, సంక్రాంతి తర్వాత వాళ్ల సంగతి బాగా తెలిసింది.

పండక్కి సగం మంది ఊళ్లకి పోయారు. వారం రోజులు మురుగు సరిగా రాక ట్యాంకులో బ్యాక్టీరియాకి తిండి లేదు. ఆదివారం రాత్రికి అందరూ ఒక్కసారే దిగి బట్టలన్నీ మెషీన్లలో వేశారు, పైగా కింద హాల్లో ఫంక్షన్, కేటరింగ్ వాళ్లు గుండిగలు కడిగిన నూనె నీళ్లన్నీ అందులోకే. తెల్లారేసరికి బ్యాక్టీరియాకి గాలి ఊదే ఏరేషన్ ట్యాంకు మీద మూరెడు నురుగు, సెల్లార్ అంతా కుళ్లిన గుడ్డు కంపు.

కంపెనీ ఆఫీసుకి ఫోన్ చేస్తే "కల్చర్ పౌడర్ వేయిద్దాం సార్" అన్నారు, అంటే బ్యాక్టీరియా పొడి. దానికి బిల్లు వేరేనట!

మా ఆపరేటర్ శ్రీకాకుళం కుర్రాడు. పౌడర్ జోలికి పోకుండా లీటరు జాడీలో ట్యాంకు నీళ్లు పట్టి అరగంట కదపకుండా ఉంచాడు. మామూలుగా 300 మి.లీ. గీత దాకా గోధుమరంగు బురద పేరుకుంటుంది, ఆ రోజు 120 దగ్గరే ఆగింది. "నీళ్ల జోరుకి బురద క్లారిఫయర్ దాటి పోయింది సార్, బ్యాక్టీరియా ఉండేది ఆ బురదలోనే" అన్నాడు. క్లారిఫయర్ అంటే బురద అడుక్కి దిగే ట్యాంకు.

అసలు ఆ జోరుని ఆపాల్సింది, వచ్చిన మురుగుని నిలవేసి సమంగా వదిలే ఈక్వలైజేషన్ ట్యాంకు. అది ఎప్పుడూ నిండుగానే ఉంటోందట, ఖాళీ ఉంటే కదా వరద పట్టేది! నెలనెలా రిపోర్టులో మాత్రం 'ఓకే'. నూనె ట్రాప్ అయితే దసరా నుంచీ ఎవరూ తీయలేదు.

ఆ ట్రాప్ ఎత్తించి, రెండు పంపుల్లో ఒకటి ఆపి మురుగుని రోజంతా సన్నగా వదిలాడు. గాలి ఊదే బ్లోయర్లు రెండూ నడిపి ఆక్సిజన్ లీటరుకి 2 మిల్లీగ్రాములకి తెచ్చాడు, బురద ఒక్క చుక్క బయటికి పోనీయకుండా ఏరేషన్ ట్యాంకులోకే వెనక్కి తిప్పాడు. నాలుగో రోజుకి కంపు పోయింది. టెస్టులో అమోనియా దిగడానికి మాత్రం మూడు వారాలు పట్టింది. మామూలు బ్యాక్టీరియా గంటల్లో రెట్టింపవుతుంది, అమోనియాని తినేది అంత తొందరగా పెరగదట. ఈలోగా ఆ బ్యాక్టీరియా చావకుండా బాత్రూముల్లో యాసిడ్, ఫినాయిల్ తగ్గించమని వాట్సాప్‌లో నేను మొత్తుకున్నా, ఎంతమంది విన్నారో.

రెన్యువల్‌కి వస్తున్నారు. ఈ కుర్రాణ్ని మార్చబోమని రాసిస్తేనే సంతకం.