రోడ్డు కింద, మఠాలు పైన: దెబెద్ లోయ నడకల సమీక్ష

ఆర్మేనియా ఉత్తరాన లోరి ప్రాంతం. దెబెద్ నది కోసిన లోయ అడుగున రోడ్డు, రైలు పట్టాలు, అలవెర్ది పట్నం ఉంటాయి. ఊళ్లూ మఠాలూ చాలావరకు పైన, బల్లపరుపు గట్ల మీద. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే ఇక్కడి టూర్లలో ఏది దండగో ఇట్టే తేలిపోతుంది. కారు ప్రతి మఠానికీ అడుగు నుంచి మెలికలు తిరుగుతూ ఎక్కి, చూశాక మళ్లీ దిగాల్సిందే. నడిచేవాళ్లకు ఆ బాధ తక్కువ, చాలావరకు గట్టు పట్టుకుని పోతారు. ఎన్నో వసంతాలు, శరత్తులు ఈ దారులు తొక్కాక రాస్తున్న మాటలివి.

రాజధాని యెరెవాన్ నుంచి ఒక్కరోజు ప్యాకేజీలకు నా ఓటు లేదు. అలవెర్దికి సుమారు 170 కిలోమీటర్లు, ఒకవైపే మూడు గంటలు. పన్నెండు గంటల టూరులో సగం వ్యాన్‌లోనే కరిగిపోతుంది. మూడు మఠాలు చూపిస్తామనేవాళ్లు ఒక్కోచోట ముప్పావుగంట ఇచ్చి, భోజనానికి గంట తీసేసుకుంటారు. కరపత్రంలో హైకింగ్ అని ఉన్నా, పార్కింగ్ నుంచి గుడి దాకా నడవడమే ఆ హైకింగ్. బుక్ చేసేముందు ఒకటే అడగండి: దించేదెక్కడ, ఎక్కించుకునేదెక్కడ? రెండూ ఒకే చోటైతే, చాలావరకు అది నడక టూరు కాదు. దానికి బదులు గట్టు మీది ఊళ్లు హఘ్‌పాట్‌లోనో ఒద్జున్‌లోనో ఇంటి బసలో రెండు రాత్రులుంటే రెండు మంచి నడకలు దక్కుతాయి.

మొదటిది హఘ్‌పాట్ మఠం నుంచి సనాహిన్ మఠం. సుమారు 7 కిలోమీటర్లే, కానీ మధ్యలో పెద్ద దిగుడు, పెద్ద ఎక్కుడు ఉన్నాయి. ఆగుతూ నడిస్తే మూడున్నర గంటలు. హఘ్‌పాట్‌లోనే మొదలుపెట్టండి. అక్కడికి బస్సులు తక్కువ, కాబట్టి పొద్దున టాక్సీ మాట్లాడుకుని పైకి వెళ్లిపోవడం మేలు. సనాహిన్ నుంచి అలవెర్దికి బండ్లు తరచుగా ఉంటాయి. తిరగేసి నడిస్తే సాయంత్రం హఘ్‌పాట్‌లో బండి కోసం పడిగాపులే.

దారి ఊరి చివర నుంచి పక్కలోయలోకి దిగి, 1233లో కట్టిన కయాన్ కోట గుట్ట మీదుగా అక్నెర్ ఊరికి ఎక్కుతుంది. రాళ్ల మీద, చెట్ల మీద రంగు గుర్తులుంటాయి. తప్పిపోయేది దాదాపు ఎప్పుడూ దిగుడులోనే. పశువుల బాట అసలు దారికన్నా వెడల్పుగా, శుభ్రంగా కనబడి కాళ్లను అటు లాగేస్తుంది. జూన్‌లో గడ్డి నడుమెత్తు పెరిగి గుర్తుల్ని మింగేస్తుంది. పది నిమిషాలు నడిచినా గుర్తు కనబడకపోతే వెనక్కి రండి, "కిందికెళ్లాక కలుస్తుందిలే" అనుకోవద్దు. హైక్‌ఆర్మేనియా యాప్‌లో దారి ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి, లోయలో సిగ్నల్ పోతుంది.

బయల్దేరే ముందు హఘ్‌పాట్ మఠానికే గంటన్నర ఇవ్వాలి. పుస్తక భాండాగారం నేలలో మెడదాకా పూడ్చిన పెద్ద మట్టి కుండలున్నాయి, నీడలో పడి కనబడవు, చూసి అడుగేయండి. క్రీస్తు బొమ్మతో ఉన్న 1273 నాటి శిలువరాయి కూడా ఇక్కడే. ఇలాంటి రాళ్ల మీద మామూలుగా శిలువ, అల్లిక నగిషీ తప్ప మనిషి రూపం ఉండదు.

సనాహిన్‌లో నేలంతా సమాధి రాళ్లే. వాటి మీద నడవడం అపచారం కాదు, నడిచేవాళ్ల పాదాల కిందే ఉండాలన్నది అక్కడి వినయం. రెండు గుళ్ల మధ్య కమాను కప్పిన సన్నని నడవాలో పూర్వం చదువు చెప్పేవారని అంటారు. వానరోజున రాళ్ల మీద పాచి జారుడు. కాస్త కిందగా మికొయాన్ సోదరుల (సోవియట్ నేత అనస్తాస్, విమానాల రూపకర్త అర్త్యోం) మ్యూజియం ఉంది. ఆవరణలో నిలబెట్టిన మిగ్-21 యుద్ధవిమానం మనవాళ్లకు కొత్త కాదు. మన వాయుసేన 2025 సెప్టెంబరులో వీడ్కోలు చెప్పింది ఈ రకానికే. దాని రూపకర్త అర్త్యోం మికొయాన్ పుట్టిన ఊరు ఇదే. గుళ్లు చూసి అలసిపోయినా ఈ పావుగంట వృథా కాదు.

రెండోది ఒద్జున్ నుంచి కొబాయిర్ మఠం. ఎక్కుడు తక్కువ, దృశ్యం ఎక్కువ. ఒద్జున్ గులాబీరంగు గుడి నుంచి గట్టు అంచుకు వెళ్తే కొండచరియకు అతుక్కున్న హోరోమయిర్ మఠం కింద కనబడుతుంది. అక్కడి నుంచి అంచునే పట్టుకుని వెళ్లి, చివర కొబాయిర్‌కు నిటారుగా దిగాలి. మోకాళ్లకు పరీక్ష అక్కడే, చేతికర్ర ఉండాల్సిందే. సగం కూలిన గుడిలో కుడ్యచిత్రాలు మిగిలాయి. కింద రోడ్డుకు చేరాక అలవెర్ది, వనాద్‌జోర్ వ్యాన్లు చెయ్యెత్తితే ఆపుతారు, సీటుంటే.

కాలం విషయం: మే, జూన్ పచ్చగా ఉంటాయి కానీ మధ్యాహ్నం ఉరుములతో వాన మామూలే. పొద్దున ఎనిమిదికే కదలండి. వాన వెలిసిన మర్నాడు బంకమన్ను మన నల్లరేగడికి తీసిపోదు, బూటు ఒక్కోటి కిలో బరువెక్కుతుంది. సెప్టెంబరు చివర నుంచి అక్టోబరు సగం దాకా అన్నిటికన్నా మంచిది. ఎండాకాలం రాళ్ల గోడల మీద చెయ్యి పెట్టే ముందు చూడండి, విషసర్పాలుంటాయి. గొర్రెల మందకు కాపలాగా గంప్ర్ కుక్కలుంటాయి. పరిగెత్తకూడదు. నిలబడి, కాపరిని కేకేసి, మందకు దూరంగా చుట్టి వెళ్లాలి.

శాకాహారులకు తిప్పలు తక్కువే. "అరాంత్స్ మ్సీ" అంటే మాంసం లేకుండా. పాలూ గుడ్డూ వద్దంటే "పసి" అనండి, ఉపవాస భోజనమని వాళ్లకు వెంటనే అర్థమవుతుంది. లవాష్ రొట్టె, చిక్కుడు గింజలు, వేయించిన వంకాయ వస్తాయి. కారం మాత్రం ఆశించకండి, ఆవకాయ సీసా వెంట ఉండాలి. ఎవరింటి ముందైనా ఆగితే కాఫీకి పిలుస్తారు, ఆ అరగంట మీ లెక్కలో వేసుకోండి.

చిల్లర ద్రాములు జేబులో ఉంచుకోండి. బోర్డులు చాలాచోట్ల ఆర్మేనియన్ లిపిలోనే ఉంటాయి, ఊరి పేరు ఆ లిపిలో ఫోన్‌లో పెట్టుకుని చూపించండి. అలవెర్ది నుంచి యెరెవాన్ వ్యాన్లు మధ్యాహ్నం దాటితే నమ్మకం లేదు. టైము ముందు రాత్రే ఇంటావిడను అడిగి, ఫోన్ చేయించి సీటు చెప్పించుకోండి. వెళ్లిపోయే రోజున మాత్రం నడక పెట్టుకోవద్దు.