ఇంట్లో సర్వీసు చేసుకున్న బండి దారిలో ఎందుకు ఆగిపోయింది: తొమ్మిదేళ్ల వాడకం తరువాత ఒక సమీక్ష

2016 జూన్‌లో కొన్న వంద సీసీ బండిని ఈ రోజుకీ నడుపుతున్నాను. పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు అందించే కార్బొరేటరు, కిక్కు, ముందూ వెనకా డ్రమ్ము బ్రేకులు తప్ప అందులో చెప్పుకోదగ్గ హంగులేమీ లేవు. ఇల్లు గుంటూరులో, నేను పాఠాలు చెప్పే బడి తెనాలికి అవతల ఒక ఊళ్లో కావడంతో, బడి ఉన్న రోజుల్లో రానూపోనూ అరవై కిలోమీటర్లకు పైగా తిరిగి, మీటరు ఇప్పుడు లక్షా నాలుగు వేలు చూపిస్తోంది. ఈ తరగతి బండ్లన్నిటి అమరికా దాదాపు ఒకటే కాబట్టీ, ఇక్కడ చెప్పబోయే తప్పులన్నీ నావే కాబట్టీ కంపెనీ పేరు రాయడం లేదు.

ఉచిత సర్వీసులు అయిపోయిన మరుసటి ఏడాది నుంచి ఆయిలు మార్చడం, ప్లగ్గు తుడవడం, చైను బిగించడం, బ్రేకులు సరిచూడడం ఇంటి వాకిట్లోనే చేసుకుంటున్నాను. ఆ విషయంలో ఈ బండికి నూటికి తొంభై మార్కులు వేస్తాను. ప్లగ్గు చేతికి అందేచోట ఉంటుంది, కార్బొరేటరు రెండు బోల్టులతో ఊడి వస్తుంది, ట్యాంకు తీయడానికి పది నిమిషాలు చాలు. అయితే ఇంత సులువుగా విప్పగలగడంలోనే ఒక చిక్కు ఉంది. విప్పినవాటిని తిరిగి బిగించేటప్పుడు మనం ఎక్కడ పొరపాటు చేశామో బండి అప్పటికప్పుడు చెప్పదు, అరగంట పరుగెత్తాక చెబుతుంది.

2024 దసరా సెలవుల్లో, ఆయుధపూజకు ముందు, బండిని కాస్త ఎక్కువగానే విప్పాను. ఆయిలు మార్చి, ప్లగ్గు శుభ్రం చేసి, కార్బొరేటరు తీసి కడిగాను. ఆ వానాకాలంలో ట్యాంకులోకి నీళ్లు దిగుతున్నాయన్న అనుమానంతో ట్యాంకు మూత లోపలి రబ్బరు వాషరును కూడా మార్చాను. కొత్త వాషరు కొనడానికి బద్ధకించి, పాత సైకిల్ ట్యూబు ముక్కను కత్తెరతో గుండ్రంగా కత్తిరించి అమర్చాను. ఈ చివరి వాక్యాన్ని పాఠకులు గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే నేను గుర్తుపెట్టుకోలేదు.

మొదటి తంటా ఆ సాయంత్రమే వచ్చింది. చోక్ లాగి కిక్కు కొడితే ఇంజను అందుకుంటోంది, చోక్ మూయగానే ఆగిపోతోంది. ఐడిలింగ్ స్క్రూ, అంటే ఎక్సిలేటరు వదిలినప్పుడు ఇంజను తిరిగే వేగాన్ని సరిచేసే స్క్రూ, బిగించి వేగం పెంచితే నిలబడుతోంది గానీ, ఎక్సిలేటరు వదిలాక కూడా వేగం వెంటనే దిగకుండా కాసేపు అలాగే అరుస్తోంది. చోక్ లాగితే గాలి తగ్గి మిశ్రమంలో పెట్రోలు పాలు పెరుగుతుంది కాబట్టి, చోక్ మీద మాత్రమే నిలబడే ఇంజనుకు పెట్రోలు తక్కువైనా అందుతూ ఉండాలి, గాలి ఎక్కువైనా దూరుతూ ఉండాలి. పెట్రోలు తక్కువకావడానికి మొదటి అనుమానం పైలట్ జెట్టు, అంటే ఐడిలింగ్‌లో పెట్రోలు అందించే చిన్న ఇత్తడి ముక్క మీదే. దాని రంధ్రం వెంట్రుకంత సన్నం. దాన్ని సూదితోనో గుండుపిన్నుతోనో పొడిస్తే ఇత్తడి గీసుకుపోయి రంధ్రం పెద్దదవుతుంది, ఆ తరువాత మైలేజీ మీద ఆశ వదులుకోవలసిందే. నేను కరెంటు తీగలోని ఒక్క రాగి పోగును దూర్చి, వెలుతురుకు ఎదురుగా పెట్టి చూశాను. రంధ్రం చుక్కలా గుండ్రంగా కనిపించింది, అడ్డేమీ లేదు. మిశ్రమంలో గాలి పాలును సరిచేసే ఎయిర్ స్క్రూను విప్పేముందు అది అడుగుదాకా ఎన్ని చుట్లు తిరుగుతుందో లెక్కపెట్టి కాగితం మీద రాసుకునే అలవాటు ఉంది కనుక అక్కడా తేడా రాలేదు.

మిగిలింది గాలి. ఇంజను నడుస్తూండగా కార్బొరేటరు, ఇంజను కలిసే అతుకు మీద సిరంజితో రెండు చుక్కల సబ్బునీళ్లు వేస్తే ఇంజను శబ్దం ఒక్కసారి మారింది, నీళ్లు లోపలికి పీల్చుకుపోయాయి. కొందరు ఇదే పరీక్షను పెట్రోలుతో చేస్తారు. వేడి ఇంజను మీద ఆ సాహసం వద్దు. విప్పి చూస్తే ఆ అతుకులో గాలి దూరకుండా ఆపే రబ్బరు వలయం, ఓ-రింగు, గాడిలోంచి జారి, అంచు దగ్గర నలిగి, చంద్రవంకలా తెగి ఉంది. పది రూపాయల రింగు తెచ్చి, గాడిలో కదలకుండా కాస్త గ్రీజు రాసి బిగించాక ఐడిలింగ్ గడియారంలా కుదిరింది. సమస్య తీరిందనుకున్నాను.

అసలు కథ సెలవులు అయ్యాక, అక్టోబరు 14న మొదలైంది. ఉదయం బయలుదేరిన బండి పన్నెండు పదమూడు కిలోమీటర్లు శుభ్రంగా నడిచి, ఆ తరువాత ఎక్సిలేటరు తిప్పుతున్నా బలం రాక, రెండు మూడుసార్లు దగ్గి, మెల్లగా ఆగిపోయింది. పొలాల మధ్య పది నిమిషాలు నిలబడి కిక్కు కొడితే ఏమీ ఎరగనట్టు అందుకుంది. దారిలోని నందివెలుగు ఊరి దగ్గర మళ్లీ ఆగింది. బడికి ఆలస్యంగా చేరి, హెడ్‌మాస్టరు గారికి కారణం చెప్పేసరికి, సైన్సు మాస్టారి బండి ఆగిపోయిందన్న వార్త తరగతి గదులన్నిటికీ పాకింది.

వేడెక్కాక ఆగి, చల్లారాక అందుకోవడం ప్లగ్గుకు కరెంటు పంపే ఇగ్నిషన్ కాయిల్ పాడైనప్పుడు కనిపించే లక్షణం కూడా. అందువల్ల మరునాడు కాయిల్ కొనడానికి సిద్ధపడ్డాను. అయితే కరెంటు తెగిన ఇంజను దీపం ఆర్పినట్టు ఒక్కసారిగా ఆగుతుంది, పెట్రోలు అందని ఇంజను మాత్రం దగ్గుతూ, ఊగుతూ, కొంచెం కొంచెంగా నీరసిస్తుంది. నాది రెండో రకం. రూఢి చేసుకోవడానికి, ఆగిన క్షణంలోనే ప్లగ్గు ఊడదీసి, క్యాపుకు తగిలించి, ఇంజను లోహానికి ఆనించి కిక్కు కొట్టాను. నీలిరంగు స్పార్కు టక్కుమని వచ్చింది, ప్లగ్గు మొన పొడిగా ఉంది, అంటే కరెంటు వస్తోంది, పెట్రోలే అందడం లేదు. కాయిల్ ఖర్చు తప్పింది.

ఇక్కడ నేను తప్పుదారి పట్టిన సంగతి కూడా చెప్పాలి. బుధవారం ట్యాంకు నిండా పెట్రోలు పోయించాను. ఆ రోజు బండి నాలుగు కిలోమీటర్లకే ఆగింది. సగం ట్యాంకుతో పన్నెండు, నిండు ట్యాంకుతో నాలుగు కిలోమీటర్లు నడిచిందంటే తప్పు బంకు పెట్రోలుదేనని తీర్మానించుకుని ఇంటి దగ్గర ఆ బంకును తిట్టుకున్నాను. కార్బొరేటరు అడుగునున్న డ్రెయిన్ స్క్రూ వదులుచేసి గాజు సీసాలోకి పెట్రోలు పట్టి, ఎండకు ఎత్తి చూశాను. నీళ్లుంటే సీసా అడుగున పూసల్లా విడిగా దొర్లుతాయి. ఒక్క పూస కూడా లేదు.

చివరికి మాకు ఎప్పటినుంచో తెలిసిన మెకానిక్ దగ్గరికి వెళ్లాను. ఆయన బండి మీద చెయ్యి వేయలేదు. సర్వీసులో ఏమేమి విప్పారో వరుసగా చెప్పమన్నారు. ఆయిలు, ప్లగ్గు, కార్బొరేటరు, చైను అని చెప్పాను.

"అంతేనా మాస్టారూ? ట్యాంకు జోలికి వెళ్లలేదా?"

"లేదు బాబాయ్. మూతకు వాషరు మార్చానంతే."

ఆయన నవ్వి, ఇంజను ఆగిన చోట ట్యాంకు మూత తిప్పుతూ చెవి దాని దగ్గర పెట్టి వినమన్నారు. సాయంత్రం తిరుగుదారిలో బండి ఆగగానే మూత తిప్పాను. సుయ్‌మని గాలి లోపలికి దూరింది. ఒక్క నిమిషం ఆగి కిక్కు కొడితే అందుకుంది. మూత తిరగేసి చూస్తే నేను కత్తిరించిన వాషరు పెట్రోలులో నాని, ఉబ్బి, అప్పడంలా అంచులు లేచి, మూత లోపలున్న గాలి రంధ్రాన్ని పూర్తిగా కప్పేసి ఉంది. ట్యూబు రబ్బరు పెట్రోలుకు ఆగదు. అసలు వాషరును పెట్రోలును తట్టుకునే రబ్బరుతో చేస్తారు. పండుగనాడు ఊళ్లో తిరిగినప్పుడు బాగానే ఉన్న బండి రెండు రోజుల తరువాత మొరాయించడానికి కారణం ఈ నానడమే.

ఈ తరగతి బండ్లలో పంపు ఉండదు, పెట్రోలు తన బరువుతోనే ట్యాంకులోంచి కార్బొరేటరులోకి దిగుతుంది. దిగినంత మేర గాలి పైనుంచి రాకపోతే ట్యాంకులో ఒత్తిడి తగ్గి, తలకిందులు చేసిన ఇరుకు మూతి సీసాలో నీళ్లు నిలిచిపోయినట్టు పెట్రోలు నిలిచిపోతుంది. పది నిమిషాలు ఆగితే అతుకుల సందుల్లోంచి ఎంతో కొంత గాలి చేరి మళ్లీ దిగుతుంది. నిండు ట్యాంకులో ఖాళీ జాగా తక్కువ కనుక కాస్త పెట్రోలు దిగేసరికే ఒత్తిడి పడిపోతుంది, సగం ట్యాంకులో ఆ గాలికి సాగే జాగా ఉంటుంది కనుక ఎక్కువ దూరం నడుస్తుంది. నేను బంకును నిందించడానికి వాడుకున్న లెక్కే నిజానికి మూతను పట్టిచ్చే లెక్క. ఇన్నేళ్లుగా గాలి పీడనం పాఠం చెబుతున్న మనిషికి ఇది తట్టకపోవడం గురించి ఇంతకంటే రాయను.

అసలు వాషరు వేశాక ఈ ఏడాదిగా బండి ఒక్కసారి కూడా దారిలో ఆగలేదు. నా పద్ధతిలో ఒక మార్పు వచ్చింది. సర్వీసు చేసిన రోజు ముట్టుకున్న ప్రతి వస్తువునూ, అద్దం స్క్రూతో సహా, వరుస తప్పకుండా రాసుకుంటున్నాను. బండి మొరాయిస్తే ఆ జాబితాను కింది నుంచి పైకి సరిచూశాకే కొత్త సామాను కొంటున్నాను.

కొత్తగా కొనేవారికి ఈ అనుభవమంతా యథాతథంగా పనికిరాదు. 2020 ఏప్రిల్ నుంచి పొగ కాలుష్యాన్ని తగ్గించే బీఎస్-6 నిబంధనలు వచ్చాక ఈ తరగతిలోనూ చాలావరకు కార్బొరేటరుకు బదులు పెట్రోలును లెక్కగా చిమ్మే ఫ్యూయెల్ ఇంజెక్షన్ బండ్లే వస్తున్నాయి. మా బావమరిది బండి అదే రకం. దాంట్లో జెట్టు కడగడం, ఎయిర్ స్క్రూ లెక్కపెట్టడం ఉండవు, చలికాలం చోక్ గొడవా లేదు. పెట్రోలు పంపు ట్యాంకులోనే ఉంటుంది, తేడా వస్తే మీటరులో దీపం వెలుగుతుంది. ఆ బండి కూడా ఒకసారి ఇంట్లో కడిగాక గేరు వేయగానే ఆగిపోవడం మొదలుపెట్టింది. సైడు స్టాండు స్విచ్చిలో బురద చేరి, స్టాండు ఇంకా కిందే ఉందని బండి అనుకుంటోంది. దాన్ని బట్టతో తుడవడంతో సరిపోయింది గానీ, అంతకు మించిన తేడా వస్తే బండిలోని కంప్యూటరును చదివే స్కానరు ఉన్న సర్వీసు సెంటరుకు పోక తప్పదు. ఓపికా, ఆదివారాలూ ఉన్నవారికి నా పాత బండే మేలని ఇప్పటికీ అంటాను. పొద్దున్నే తాళం తిప్పి వెళ్లిపోవాలనుకునేవారికి అదే మాట చెప్పలేను.

నా బండి మీద మిగిలిన ఫిర్యాదులు రెండే. ఇంజను వాల్వుల దగ్గరుండే టాపెట్ల శబ్దం తొంభై వేలు దాటాక తరచూ వస్తోంది, దాన్ని సరిచేసే పని నేను చేయను, సన్నని సందులు కొలిచే ఫీలర్ గేజీ పట్టే చెయ్యి నాకు ఇంకా కుదరలేదు. రెండోది, వెనక సీటు స్ప్రింగులు. గతుకుల్లో మా ఆవిడ నోటి వెంట వచ్చే మాటలు సమీక్షలో రాయదగినవి కావు.