పదహారు సీజన్లు, ఒకే సీటు: హెర్షీ బేర్స్ సీజన్ టికెట్‌పై సమీక్ష

హెర్షీ బేర్స్ ఐస్ హాకీ జట్టు సీజన్ టికెట్‌ను నేను మొదటిసారి 2009 శరత్కాలంలో కొన్నాను. అప్పటి నుంచి 2025 వసంతం దాకా పదహారు సీజన్ల పాటు, గోల్ వెనుక పై వరుసలో ఉన్న అదే సీటును ఏటా తిరిగి తీసుకుంటూ వచ్చాను. ఒకటి రెండు ఆటలు చూసి రాసిన అభిప్రాయాలు చాలానే దొరుకుతాయి. ఇన్నేళ్ళు చూసిన మనిషి చెప్పగలిగినది మరొకటి ఉంది. ఈ టికెట్‌తో మనకు దక్కేది ఆటగాళ్ళు కారు, ఎందుకంటే వాళ్ళు నిలవరు. దక్కేది ఈ జట్టు చరిత్ర, అందులో మనకూ కాస్త చోటు.

పెన్సిల్వేనియా రాజధాని హారిస్‌బర్గ్ నుంచి హెర్షీ అరగంట లోపు ప్రయాణం. రాష్ట్ర ప్రభుత్వ శాఖల సాఫ్ట్‌వేర్ పనుల మీద ఈ ప్రాంతానికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి, మాదీ అందులో ఒకటి. వచ్చిన కొత్తలో మాకు హెర్షీ అంటే చాక్లెట్ ఊరు, పిల్లల పార్కు, అంతే. వీధుల పేర్లు చాక్లెట్ అవెన్యూ, కోకో అవెన్యూ. వీధి దీపాలు కూడా కాగితం చుట్టిన చిన్న చాక్లెట్ ఆకారంలోనే ఉంటాయి. ఆ ఊరికి ఒక హాకీ జట్టు ఉందని, అది తాను ఆడే లీగ్‌లో అన్నిటికంటే ఎక్కువ కాలంగా ఆగకుండా ఆడుతున్న జట్టని ఆఫీసులో ఒక సహోద్యోగి చెబితే తెలిసింది.

బేర్స్ ఆడేది అమెరికన్ హాకీ లీగ్‌లో. ఇది నేషనల్ హాకీ లీగ్‌కు ఒక మెట్టు కింద ఉంటుంది. మన రంజీ ట్రోఫీ నుంచి భారత జట్టుకు ఎంపికైనట్టే ఇక్కడ రాణించిన కుర్రవాళ్ళు పైకి వెళతారు. తేడా ఏమిటంటే, ఇక్కడ ఆటగాడి ఒప్పందం చాలావరకు పై జట్టు చేతిలోనే ఉంటుంది కనుక, వాళ్ళు ఏ రోజు కబురు పెడితే ఆ రోజే వెళ్ళిపోవాలి. శనివారం రెండు గోల్స్ కొట్టిన కుర్రవాణ్ణి ఆదివారం మళ్ళీ చూద్దామని పిల్లలను వెంటబెట్టుకుని వెళితే, అతను అప్పటికే పై జట్టు ఉన్న వాషింగ్టన్‌కు వెళ్ళిపోయి ఉండటం నాకు చాలాసార్లు అనుభవమైంది. మొదటి రెండేళ్ళు దీన్ని ఈ టికెట్‌లోని పెద్ద లోపంగానే లెక్కపెట్టుకున్నాను. ఆ అభిప్రాయం మారడానికి జట్టు గతం తెలుసుకోవలసి వచ్చింది.

ఆ గతం నాకు పుస్తకాల ద్వారా కాక పక్క సీటు పెద్దాయన ద్వారా తెలిసింది. ఆయన పాత అరీనాలో తండ్రి ఒళ్ళో కూర్చుని ఆట చూసిన మనిషి. ఆటలోని మూడు భాగాలైన పీరియడ్‌లలో ఒకదానికీ మరొకదానికీ మధ్య మంచును చదును చేసే యంత్రం నెమ్మదిగా చుట్లు తిరుగుతూ, గీతలు పడిన తెల్లటి పొడిని చెక్కేసి, వెనుక అద్దంలాంటి తడి చారను వదులుతూ పోతుంటే, ఆ పావుగంటలో ఒక దశాబ్దం కథ చెప్పేవారు. తర్వాత నేను వివరాలు సరిచూసుకున్నాను. ఆయన తప్పు చెప్పిన సందర్భాలు చాలా తక్కువ.

జట్టు 1932లో మొదలైంది. తొలినాళ్ళలో దాని పేరు హెర్షీ బార్స్, అంటే చాక్లెట్ పలకలు. ఇది ప్రకటనలా ఉందని న్యూయార్క్ పత్రికల క్రీడా విలేకరులు అభ్యంతరం చెప్పడంతో 1936లో ఒక్క అచ్చు మార్చి 'బేర్స్', అంటే ఎలుగుబంట్లు, అని పెట్టుకున్నారు. అదే ఏడాది డిసెంబరులో కొత్త అరీనా తెరుచుకుంది. దేశమంతా ఆర్థిక మాంద్యంలో పనులు లేక అల్లాడుతున్న రోజుల్లో, ఊరివాళ్ళకు పని దొరకాలని చాక్లెట్ వ్యాపారి మిల్టన్ హెర్షీ హోటల్, సామాజిక భవనం, అరీనా ఒకదాని వెంట ఒకటి కట్టించాడు. అరీనా కప్పును రూపొందించినది ఆంటన్ టెడెస్కో అనే ఇంజనీరు. లోపల ఒక్క స్తంభం కూడా లేకుండా, పీపాను నిలువునా చీల్చి బోర్లించినట్టుండే పలుచటి కాంక్రీటు పెంకు అది. ఏడువేల మందికి పైగా పట్టే కట్టడంలో అమెరికాలో అప్పటికి అలాంటి కప్పు కొత్త. 1962 మార్చి 2న విల్ట్ చాంబర్లేన్ ఒకే బాస్కెట్‌బాల్ ఆటలో 100 పాయింట్లు సాధించినది కూడా ఆ కప్పు కిందే. ఈ ప్రాంతంలో ఆ సంగతి తెలియని మనిషి లేడు, కానీ పక్క సీటు పెద్దాయన మాత్రం 'అది హాకీ భవనం' అని ప్రతిసారీ గట్టిగా చెప్పేవారు.

1938లో బేర్స్ ఇప్పటి లీగ్‌లో చేరింది. ఆనాటి తోటి జట్లు కొన్ని మూతపడ్డాయి, కొన్ని ఊళ్ళు మారాయి, కొన్ని పేర్లు మారాయి. ఈ జట్టు మాత్రం అదే పేరుతో, అదే ఊళ్ళో ఉంది. లీగ్ విజేతకు ఇచ్చే కాల్డర్ కప్పును మొదటిసారి 1947లో గెలిచింది. 1956లో ఫ్రాంక్ మాథర్స్ ఆటగాడిగానూ, శిక్షకుడిగానూ వచ్చి, తర్వాత అధ్యక్షుడై, 1991లో పదవీ విరమణ చేసే దాకా ఇక్కడే ఉన్నాడు. ఆ ముప్ఫై అయిదేళ్ళలో 1958, 1959, 1969, 1974, 1980, 1988 సంవత్సరాల్లో ఆరు కప్పులు వచ్చాయి. 1988లో అయితే కప్పు కోసం సీజన్ చివర జరిగే ప్లేఆఫ్స్‌లో ఆడిన పన్నెండు ఆటల్లో ఒక్కటి కూడా ఓడలేదు. మరుసటి ఏడాది ఉంటారో లేదో తెలియని కుర్రవాళ్ళతో నడిచే లీగ్‌లో ఒక మనిషి ముప్ఫై అయిదేళ్ళు ఉండిపోవడమే నా దృష్టిలో ఈ జట్టు చరిత్రకు మూలస్తంభం. ఆయన హయాంలోనే మైక్ నైకొలక్ 1958 నుంచి 1972 దాకా పద్నాలుగు సీజన్లు ఆడాడు. అతని 8వ నంబరు జెర్సీని ఇంకెవరికీ ఇవ్వరు.

పై జట్లు మాత్రం మారుతూనే ఉన్నాయి. 1984 నుంచి ఫిలడెల్ఫియా ఫ్లయర్స్, 1996 నుంచి కొలరాడో అవలాంచ్, 2005 నుంచి వాషింగ్టన్ క్యాపిటల్స్. వాళ్ళు ఆటగాళ్ళను పంపుతారు, తీసుకుంటారు, అయినా జట్టు వాళ్ళది కాదు. బేర్స్ యాజమాన్యం ఊళ్ళోని హెర్షీ వినోద సంస్థది. ఆ సంస్థ ఉన్నది మిల్టన్ హెర్షీ దంపతులు 1909లో అనాథ బాలుర కోసం స్థాపించిన పాఠశాల ట్రస్టు కింద. ఆ పాఠశాల నేటికీ పేద పిల్లలకు ఉచితంగా వసతి, చదువు అందిస్తోంది. టికెట్ కొనేటప్పుడు నేను మనసులో వేసుకునే లెక్కలో ఈ సంగతికి పెద్ద స్థానమే ఉంది.

ఇక నా సొంత అనుభవానికి వస్తాను. నా మొదటి సీజన్ 2009-10. ఎనభై ఆటల్లో 60 గెలుపులు, లీగ్ చరిత్రలో రికార్డు. సొంత ఊళ్ళో వరుసగా 24 గెలుపులు. ఓటమి అంటే ఏమిటో తెలియకుండానే నేను ఈ ఆటలోకి వచ్చాను. ఫైనల్లో ముందుగా నాలుగు ఆటలు గెలిచినవాళ్ళదే కప్పు. అందులో టెక్సాస్ స్టార్స్ చేతిలో మొదటి రెండు ఆటలు ఇక్కడే ఓడిపోయినప్పుడు, ఇంటికి వెళ్ళే దారిలో కారులో ఎవరం మాట్లాడుకోలేదు. తర్వాత జట్టు టెక్సాస్‌లో మూడూ గెలిచి తిరిగి వచ్చి, ఆరో ఆటను మా కళ్ళ ముందు గెలిచింది. అది పదకొండో కప్పు. ఆ ప్లేఆఫ్స్‌లో ఉత్తమ ఆటగాడు క్రిస్ బోర్క్. 2006, 2009 కప్పుల్లోనూ ఉన్న ఇతను తర్వాత ఎన్ని ఊళ్ళు తిరిగినా మళ్ళీ ఇక్కడికే వచ్చాడు.

ఆ తర్వాత కప్పు కోసం పదమూడేళ్ళు కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూశాం. సీజన్ టికెట్ కొనదలచినవారు నన్ను అడిగితే ముందుగా ఈ పదమూడేళ్ళ గురించే చెబుతాను. 2016లో ఫైనల్ చేరి, లేక్ ఈరీ మాన్‌స్టర్స్ చేతిలో వరుసగా నాలుగు ఆటలు ఓడిపోయాం. నాలుగోది ఓవర్‌టైమ్‌లో, తొలి అదనపు పీరియడ్ ముగియడానికి రెండు సెకన్లు కూడా మిగలని క్షణంలో పడిన ఒకే ఒక్క గోల్‌తో పోయింది. 2020 మార్చిలో కోవిడ్ వల్ల సీజన్ మధ్యలోనే ఆగింది. 2021లో కుదించిన సీజన్లో లీగ్ మొత్తంలో అత్యుత్తమ రికార్డు బేర్స్‌దే అయినా ఆ ఏడాది కప్పే ఇవ్వలేదు. అప్పటి శిక్షకుడు స్పెన్సర్ కార్బెరీ తర్వాత పై లీగ్‌కు వెళ్ళి, 2023 నుంచి క్యాపిటల్స్ ప్రధాన శిక్షకుడయ్యాడు. ఆటగాళ్ళలాగే శిక్షకులూ ఇక్కడ ఎదిగి వెళ్ళేవాళ్ళే. 2006లో కప్పు గెలిపించిన బ్రూస్ బూద్రో కూడా 2007లో అలాగే వెళ్ళాడు.

2023 ఫైనల్ కోచెల్లా వ్యాలీ ఫైర్‌బర్డ్స్‌తో. కాలిఫోర్నియాలో మొదటి రెండు ఆటల్లో 5-0, 4-0 తేడాతో ఓడాం, మన జట్టు ఒక్క గోల్ కూడా కొట్టలేదు. ఇక్కడికి వచ్చి మూడూ గెలిచాం. వాటిలో అయిదో ఆట 1-0, అదీ ఓవర్‌టైమ్‌లో. ఆరోది కాలిఫోర్నియాలో పోయింది. ఏడో ఆట కూడా అక్కడే, మా గడియారం ప్రకారం రాత్రి పదింటికి మొదలైంది. నేనూ మా అమ్మాయీ ఇంట్లో అందరూ పడుకున్నాక టీవీ ధ్వని తగ్గించి చూశాం. 2-0తో వెనకబడి, సమం చేసి, ఓవర్‌టైమ్‌లో మైక్ వెచియోన్ గోల్ కొట్టేసరికి అర్ధరాత్రి ఎప్పుడో దాటిపోయింది. అమ్మాయి నా చెయ్యి పట్టుకుని, 'నాన్నా, నేను పుట్టాక ఇదే కదా, నాకు గుర్తుండే మొదటి కప్పు' అంది. 2010లో అది రెండేళ్ళ పిల్ల. ఆ ప్లేఆఫ్స్ ఉత్తమ ఆటగాడు గోల్‌కీపర్ హంటర్ షెపర్డ్. ఏ పై జట్టూ ఎంపిక చేయకపోగా ఇంకా కింది లీగ్ నుంచి మెట్టు మెట్టుగా వచ్చినవాడు. మరుసటి ఏడాది, టాడ్ నెల్సన్ శిక్షణలోనే, అదే ప్రత్యర్థిపై ఆరో ఆటలో మాట్ స్ట్రోమ్ ఓవర్‌టైమ్ గోల్‌తో 5-4 గెలుపు మా సీట్ల ముందే దక్కింది. మొత్తం పదమూడు కప్పులు, లీగ్‌లో మరే జట్టుకూ ఇన్ని లేవు.

అయితే ఒక్క ఆటకే వెళ్ళగలిగితే ఫైనల్ కన్నా బొమ్మలు విసిరే రోజునే ఎంచుకోమంటాను. ఏటా శీతకాలంలో ఒక ఆటకు అందరూ ఎలుగుబంటి బొమ్మలు తెస్తారు, బేర్స్ తొలి గోల్ పడగానే వాటిని మంచు మీదికి విసురుతారు. మా అమ్మాయి ఆరేళ్ళప్పుడు విసరడానికని కొన్న బొమ్మను ఛాతీకి అదుముకుని చాలాసేపు కూర్చుంది. గోల్ పడ్డాక కూడా వదలలేక, చివరకు కళ్ళు మూసుకుని విసిరింది, అది రెండు వరుసల కింద పడితే అక్కడివాళ్ళు అందుకుని మంచు మీదికి చేర్చారు. 2025 జనవరిలో ఆ ఒక్క రోజు పోగైన బొమ్మలు 1,02,343. జట్టు ఇప్పుడు ఆడే, పదివేల అయిదు వందల మంది పట్టే జెయింట్ సెంటర్ అరీనాలో తలకు దాదాపు పది. పై వరుసల నుంచి వచ్చే బొమ్మలు మన భుజాలకు తగులుతూ కిందికి జారుతుంటాయి, క్షణాల్లో మంచు కనిపించకుండా పోతుంది, ఆటగాళ్ళు స్టిక్కులు పక్కన పెట్టి వాటిని తోస్తూ పిల్లల్లా దొర్లుతారు. అవన్నీ చుట్టుపక్కల సేవా సంస్థల ద్వారా పిల్లలకు చేరతాయి.

లోపాల విషయానికొస్తే, ఆట తెలియనివాళ్ళకు మొదటి నెల పక్ (బంతి బదులు వాడే రబ్బరు బిళ్ళ) ఎక్కడుందో కళ్ళకు చిక్కదు. నాకు గోల్ వెనుక సీటు వల్ల అవతలి సగం ఆట సరిగా అందదు, కొత్తవాళ్ళు మధ్య గీతకు దగ్గరగా, కాస్త ఎత్తులో తీసుకోవడం మేలు. ఇప్పటి సీజన్‌లో సొంత ఊళ్ళో ఆడే 36 ఆటల్లో వారం మధ్యలో పడేవి కొన్ని ఉంటాయి. మంచు తుఫాను రోజుల్లో రాత్రి తిరుగు ప్రయాణం కష్టం. ఒక ఏడాది నేను అప్పట్లో పనిచేసిన కార్యాలయంలో రాత్రి షిఫ్టు పడి సగం ఆటలు పోయాయి. ఇలాంటి ఉద్యోగాల్లో ఉన్నవారు సీజన్ టికెట్ జోలికి పోకుండా ఆటకు ఆట కొనుక్కోవడమే మంచిది. బడికి వెళ్ళే పిల్లలున్న ఇంటికి, ఒకే ఊళ్ళో కొన్నేళ్ళు ఉంటామనుకునేవారికి మాత్రం నేను ఏ సందేహం లేకుండా సిఫారసు చేస్తాను.

మొదటిసారి వెళ్ళేవారు ఆటకు ఒక గంట ముందుగా చేరుకుని, దగ్గరలోనే ఇప్పటికీ నిలిచి ఉన్న పాత అరీనా చుట్టూ ఒకసారి నడవండి. ఆ కాంక్రీటు కప్పు వంపు బయట నుంచి కూడా బాగా కనిపిస్తుంది. తర్వాత జెయింట్ సెంటర్‌లోకి వచ్చి తలెత్తి చూస్తే పదమూడు కప్పుల బ్యానర్లు వరుసగా వేలాడుతుంటాయి. 1947 నుంచి చదవడం మొదలుపెట్టండి. లోపల చలిగా ఉంటుంది, స్వెటర్ మరిచిపోవద్దు.